ఒడిలో పెట్టి వెళ్ళిన పిల్ల

మాటలు లేకుండా కథ చెప్పాలన్న ఆలోచన మా సంఘం పిల్లలదే. నేపాల్ కొండల్లోని ఆ చిన్న ప్రార్థన మందిరంలో మేం చెప్పే ప్రతి మాటా మూడు గడపలు దాటి వెళ్ళాల్సి వచ్చేది. నేను తెలుగులో చెప్తే మాతో వచ్చిన కుర్రాడు ఉర్దూలోకి తిప్పేవాడు. అక్కడి సంఘ కాపరి దాన్ని తనకు తెలిసిన హిందీతో పోల్చుకుని, నేపాలీలో పిల్లలకు చెప్పేవాడు. అంత దూరం వెళ్ళేసరికి మాట చల్లారిపోయేది. నవ్వాల్సిన చోట పిల్లలు బిక్కమొహాలు పెట్టేవారు. గొర్రె తప్పిపోయిందని చెప్తుంటే కిలకిలా నవ్వారు.

"ఇట్టా గాదు అమ్మగారూ," అన్నాడు కుర్రాడు. "మాటలు తీసేద్దాం. చేసి చూపిద్దాం. మా మెకానిక్ షెడ్డుకి బిహారోళ్ళు పనికొచ్చినప్పుడు ఓనరు భాయ్ అట్టాగే నేర్పాడు. ఒక్క ముక్క మాట్లాడకుండా ఇంజిన్ మొత్తం ఊడదీపిచ్చాడు."

"ఇంజిన్ వేరు, దేవుని వాక్యం వేరురా," అన్నది మాతో వచ్చిన అమ్మాయి.

"ఆ రెండూ అర్థంకాని దానివి, నువ్వు చెప్పొచ్చావే."

మాది నరసరావుపేట. మావారు అక్కడ ఒక చిన్న సంఘానికి కాపరి. ఆయన అందరికీ అయ్యగారు, నేను అమ్మగారిని. మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో అందరూ అడిగేవారు. తర్వాత కొన్నేళ్ళు నా కోసం ప్రార్థించారు. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు. నేను మాత్రం దేవుని ముందు ఎత్తుతూనే ఉన్నాను.

ఆ నేపాలీ కాపరి ఒకసారి మా ఊరి సభలకు వచ్చి మా ఇంట్లోనే బస చేశాడు. వాళ్ళ సంఘంలో పిల్లలు చాలామంది ఉన్నారని, బడులకు సెలవులిచ్చే రోజుల్లో వాళ్ళకు క్యాంపు పెట్టడానికి ఎవరూ లేరని చెప్పాడు. మా యౌవనస్థుల్లో నలుగురు వెళ్తామన్నారు. పది, ఇంటర్ పరీక్షలు అప్పుడే అయిపోయాయి. వాళ్ళలో ఇద్దరు అన్నాచెల్లెళ్ళు, పాటలు బాగా పాడతారు. మూడోవాడు ఈ కుర్రాడు. వాళ్ళ నాన్న క్వారీ టిప్పర్ తోలతాడు. వీడేమో చిన్నప్పటి నుంచీ ముస్లింల వీధిలోని మెకానిక్ షెడ్డులో పెరిగి, తెలుగు ఎంత వచ్చో ఉర్దూ అంత నేర్చాడు. నాలుగోది ఆ అమ్మాయి. గురజాల దగ్గరి పల్లె, మా ఊళ్ళో ఇంటర్ చదువుతోంది. పదిహేడేళ్ళు. వాళ్ళకు పెద్దదిక్కుగా నన్ను పంపారు.

విజయవాడలో గోరఖ్‌పూర్ రైలు ఎక్కి, సరిహద్దు దాటి, అక్కడి నుంచి జీపులో కొండలెక్కాం. నరసరావుపేటలో ఫ్యాను గాలి కూడా కాలుతున్న రోజులవి. అక్కడ మాత్రం పొద్దున్నే నోరు తెరిస్తే పొగ వచ్చేది. నలుగురూ కాసేపు పొగ వదిలే పోటీ పెట్టుకున్నారు. మందిరానికి రేకుల కప్పు, మట్టిగోడలు. ఎదురుగా మెట్లు మెట్లుగా మొక్కజొన్న చేలు. పిల్లలు ఎక్కడెక్కడి వాలుల మీది నుంచో దిగి వచ్చేవారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళను వీపున కట్టుకుని వచ్చేవారు.

మా అమ్మాయికి అక్కడ భాష అడ్డురాలేదు. మొదటి రోజే దువ్వెన తీసుకుని మెట్టు మీద కూర్చుంది. ఒక పిల్లకు పేలు చూసి, చిక్కు తీసి, రెండు జడలు వేసింది. అంతే, సాయంత్రానికి వరస కట్టారు. "ఏమే, కూర్చోవే. కదలమాక. నీ తల గాదే ఇది, గడ్డివామి," అని తెలుగులో తిడుతూనే ఉండేది. వాళ్ళు నేపాలీలో ఏదో ఎదురు చెప్తూనే ఉండేవారు. ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది.

ఆ పిల్లల్లో ఒక చిన్నది ఉండేది. ఐదేళ్ళు ఉంటాయేమో. చలికి బుగ్గలు పగిలి ఎర్రగా ఉండేవి. అందరూ వెళ్ళిపోయినా అది మా అమ్మాయి ఒళ్ళో నుంచి లేచేది కాదు. వాళ్ళమ్మ సాయంత్రం వీపున గడ్డిగంపతో వచ్చి, గుమ్మం బయటే నిలబడి, లోపలికి తొంగిచూసేది. సన్నటి మనిషి. ముప్పై కూడా ఉండవు. మేం నవ్వితే నవ్వేది. ఆ మధ్యే మందిరానికి రావడం మొదలుపెట్టిందని కాపరి చెప్పాడు.

మాటలు లేని కథగా పిల్లలు ఎంచుకున్నది లేఖనాల్లోని ఒక తల్లి కథ. బిడ్డల్లేక, దేవాలయంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడ్చిన తల్లి. పుట్టిన కొడుకు పాలు మరిచాక తీసుకొచ్చి, దేవుని సన్నిధిలో యాజకుడికి అప్పగించి వెళ్ళిన తల్లి. ఆ కథ నాకు ఎంత దగ్గరిదో పిల్లలకు తెలుసు. అందుకే నన్ను అడగడానికి తటపటాయించారు. "అదే చెయ్యండి," అన్నాను.

మా సంఘంలో బిడ్డను ప్రతిష్ఠ చేసే పద్ధతి ఒకటి ఉంది. తల్లి ముసుగు వేసుకుని, చాప మీది నుంచి లేచి వచ్చి, మోకాళ్ళూని బిడ్డను అయ్యగారి చేతుల్లో పెడుతుంది. ఆయన బిడ్డను పైకెత్తి ప్రార్థన చేసి, ఇక ఈ బిడ్డ ప్రభువుదని చెప్పి నా చేతికిస్తారు. నేను ముద్దుపెట్టుకుని, సంఘానికంతా చూపించి, మళ్ళీ తల్లి ఒళ్ళో పెడతాను. ఆ నాలుగడుగులూ బిడ్డ నా చేతుల్లో ఉంటుంది. పాలవాసన, సాంబ్రాణి వాసన. ఆ నాలుగడుగులూ నేను ఎంత మెల్లగా నడుస్తానో మావారికి తెలుసు. ఎప్పుడూ తొందరపెట్టలేదు.

మా పిల్లలు మా సంఘంలో చూస్తూ వచ్చింది అదే. ఆ తల్లి కథను కూడా అచ్చం అలాగే కట్టారు. మా అమ్మాయి తల్లి. కుర్రాడు దూదిగడ్డం పెట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని యాజకుడు. బిడ్డగా ఎవరిని పెట్టాలన్నప్పుడు, మా దగ్గర బెరుకులేనిది ఆ ఎర్రబుగ్గల పిల్ల ఒక్కతే కదా, దాన్నే తీసుకున్నారు. ఒక్కటి మాత్రం మార్చారు. కథలో బిడ్డ దేవాలయంలోనే ఉండిపోవాలి. కాబట్టి ఈసారి నేను పిల్లను తల్లికి తిరిగి ఇవ్వకూడదు. ఎత్తుకుని పక్కగదిలోకి వెళ్ళిపోవాలి.

అలాగే చేశాం. మా అమ్మాయి ఏడ్చిన ఏడుపుకు మందిరంలో పిల్లలంతా మెడలు చాచి చూశారు. బిడ్డను అప్పగించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి చాప మీద కూర్చుంది. కుర్రాడు పిల్లను పైకెత్తి, నా చేతుల్లో పెట్టాడు. నేను ముద్దుపెట్టుకుని పక్కగదిలోకి నడిచాను. పిల్ల నా మెడచుట్టూ చేతులు వేసింది. బయట అన్నాచెల్లెళ్ళ పాట అయ్యేదాకా నేను తిరిగి రాలేదు.

వచ్చేసరికి గుమ్మం దగ్గర ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. గంప కిందపెట్టింది. రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా నన్నే చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళి ఆమె తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. ఆమె వంగి నా పాదాలు తాకబోతే ఆపాను.

"వాక్యం పనిచేసింది అమ్మగారూ," అన్నాడు కుర్రాడు గడ్డం పీకేస్తూ. "సూశారా, ఒక్క మాట లేకుండా."

మేం ఐదుగురం మోకాళ్ళూని దేవునికి స్తోత్రం చెల్లించాం. మాకు అలవాటైన అర్థమే మాకు తోచింది. కన్నీళ్ళు కనబడితే మారుమనస్సు అనుకునే వాళ్ళం మేం.

మర్నాడు పొద్దున పాటల వేళకు ఆమె వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. పిల్లకు తలస్నానం చేయించి, నూనె రాసి దువ్వింది. ఎవరిదో పెద్ద సైజు ఊలు స్వెట్టర్ తొడిగి, చేతులు మడిచింది. భుజాన గుడ్డసంచి ఉంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, మోకాళ్ళూని, పిల్లను నా ఒళ్ళో పెట్టింది. సంచి నా పక్కన పెట్టింది. లేచి వెళ్ళి, నిన్న మా అమ్మాయి కూర్చున్న చోటే చాప మీద కాసేపు తల వంచుకుని కూర్చుంది. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

ప్రార్థన కోసం పెట్టిందనుకున్నాను. పిల్ల తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను కూడా. కళ్ళు తెరిచేసరికి ఆమె కిందివాలులో చాలా దూరం పోయింది. సంచిలో చూశాం. రెండు గౌన్లు, ఒక దుప్పటి, వేయించిన మొక్కజొన్న మూట.

కాపరికి కబురుపెట్టాం. ఆయన వచ్చి, పిల్లను, సంచిని చూసి తల పట్టుకున్నాడు. కుర్రాడితో చాలాసేపు మాట్లాడాడు. కుర్రాడి మొహంలో నవ్వు పోయింది.

"ఏందిరా? ఏమంటున్నారు?"

"ఆమె భర్త మలేషియా పోయి, ఫోన్లు మానేశాడంట అమ్మగారూ. అత్త ఈ చలికాలంలో చనిపోయిందంట. ఈమెకి అరబ్బు దేశంలో ఇంటిపని కుదిరిందంట. ఇంకొన్ని రోజుల్లో పోవాల. పిల్లని యాడ పెట్టాలో తెలవక ఊరంతా అడిగిందంట. ఎవురూ ఊ అనలా. నిన్న మనం సూపిచ్చాం గదా. పిల్లని దేవుడి మనుషులకి అప్పజెప్పటం. అందుకే వచ్చారు వీళ్ళు అనుకుంది, పక్కింటోళ్ళకి అట్టాగే చెప్పి పోయిందంట. మీరు తీసుకుని లోపలికి పోయారు గదా అమ్మగారూ. మీరు ఒప్పుకున్నారనుకుంది."

పిల్ల నా ఒళ్ళో కూర్చుని స్వెట్టర్ గుండీతో ఆడుకుంటోంది.

ఆమె గడ్డికి పోయిందని, సాయంత్రం దాకా రాదని తెలిసింది. అంటే సాయంత్రం దాకా పిల్ల నాది. ఇలా రాయడం బాగుండదని తెలుసు, కానీ ఆ రోజు నాకు అలాగే ఉంది. అన్నం పప్పులో మెత్తగా కలిపి పెడితే నా చేత్తోనే తింది. నా కొంగు పట్టుకుని పంపు దాకా వచ్చింది. మధ్యాహ్నం నా పక్కన పడుకుని, నిద్రలో కాలు నా పొట్టమీద వేసింది. నేను కదలకుండా పడుకుని దేవునితో వాదించాను. నిన్ను అడిగాను. ఏళ్ళ తరబడి అడిగాను. నువ్వు ఇవ్వలేదని గొణుక్కోలేదు. ఇప్పుడు నేను అడగని చోట, కన్నతల్లే తీసుకొచ్చి, నీ సన్నిధిలో, నా ఒళ్ళో పెట్టింది. ఇది నీ జవాబు కాకపోతే మరేది జవాబు?

లేచి మావారికి ఫోన్ చేశాను. అంతా విన్నారు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నా. తీసుకురా అన్న మాట నోటి దాకా వస్తోంది. అందుకే నోరు మూసుకున్నా."

"ఇది జవాబో శోధనో నాకు తెలియట్లేదండీ."

"నాకూ తెలియట్లేదు. అక్కడి కాపరి ఏమంటున్నాడు?"

కాపరి ఉదయమే చెప్పాడు. కాగితాలు లేకుండా పరాయి దేశపు పిల్లను సరిహద్దు దాటించడం నేరమని, తమ సంఘం మీదికి కూడా వస్తుందని. తన ఇంట్లో తన పిల్లలు కాక అన్న పిల్లలు కూడా ఉన్నారని, ఇంకొకరిని ఉంచుకునే చోటు లేదని. ఆయన మాట న్యాయమే. అయినా నా మనసు ఆగలేదు. కాగితాలు పుట్టించవచ్చు కదా, ఎవరినో అడగవచ్చు కదా, నాలుగు నెలలు ఎక్కడో ఉంచి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళవచ్చు కదా అని లోపల లెక్కలు వేస్తూనే ఉన్నాను.

మా అమ్మాయి పంపు దగ్గర గిన్నెలు తోముతోంది. నేను వెళ్ళి నిలబడ్డాను.

"తీసుకుపోతారా అమ్మగారూ?" అంది తల ఎత్తకుండా.

"నీకేమనిపిస్తోంది?"

"నాకేమనిపిస్తే ఏముందిలే."

"చెప్పు."

గిన్నె పక్కనపెట్టింది. "మా అమ్మ నన్ను మాచర్ల హాస్టల్లో దింపినప్పుడు నేనింతే ఉన్నా. అమ్మానాన్నా రాయి కొట్టేవాళ్ళు, ఊరూరా తిరిగేవాళ్ళు. యేసయ్య ఇంట్లో వదుల్తన్నా, నీకేం భయం లేదులేవే అంది. వార్డెన్ అక్క చానా మంచిది. కడుపునిండా పెట్టేది. అయినా గేటు కాడే కూర్చునేదాన్ని. మాచర్ల మా ఊరికి ఎంత దూరం అమ్మగారూ? బస్సు ఎక్కితే వచ్చిద్ది. అక్కడ అందరూ నా మాటే మాట్లాడతారు. అయినా నాకు ఏడుపు ఆగలా. ఈ పిల్ల నరసరావుపేటలో ఎవురితో మాట్లాడిద్ది? ఆకలేసిందన్నా మనకి తెలవదు. కల వచ్చి లేచి ఏదో చెప్పినా తెలవదు."

"నేర్చుకుంటుందిలే. నేనూ నేర్చుకుంటా."

అప్పుడు నా మొహంలోకి చూసింది. "మీకు పిల్ల దొరికిద్ది అమ్మగారూ. పిల్లకి మాత్రం అమ్మ పోయిద్ది."

అనేసి, తడి చేత్తోనే నోరు మూసుకుంది. "తప్పయిపోయింది," అని ఏడ్చింది. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను. నాకు కోపం రాలేదు. అంతసేపూ నేను అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చింది. అది నేను కోరుకున్న సమాధానం కాదు, అంతే.

సాయంత్రం ఆమె గంపతో తిరిగి వస్తుంటే కాపరి పిలిపించాడు. పిల్లను చూడగానే ఆమె మొహం మారిపోయింది. ఇంకా ఇక్కడే ఎందుకుందన్నట్టు చూసింది. తల్లిని చూసి పిల్ల పరిగెత్తబోతే, ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. ఇక నీ చోటు అది అన్నట్టు నా వైపు చూపించింది.

"చెప్పరా," అన్నాను కుర్రాడితో.

వాడు గోడ వైపు తిరిగాడు. "నేను చెప్పలేను అమ్మగారూ. ఈ మాట మాత్రం నా నోటితో చెప్పిచ్చమాకండి."

కాపరి ఏదో మొదలుపెట్టాడు కానీ ఆమె వినడం లేదు. నన్నే చూస్తోంది. ఆమెకు నా నుంచే కావాలి. పిల్లను ఎత్తుకున్నాను. నాకు తెలిసిన ఒక్క పద్ధతే ఉంది. ప్రతిష్ఠ నాడు చివర చేసే పని. ముద్దుపెట్టుకుని, నడిచి వెళ్ళి, తల్లి ముందు మోకాళ్ళూని, పిల్లను ఆమె చేతుల్లో పెట్టబోయాను.

ఆమె చేతులు చాచలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

ఒకే బిడ్డ కోసం ఇద్దరు స్త్రీలు రాజు ముందు నిలబడిన సంగతి సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఆ కథలో బిడ్డను వదులుకోవడానికి సిద్ధపడినదే తల్లి అని తేలింది. ఇక్కడ ఇద్దరం వదులుకోవడానికే పట్టుబట్టాం. తీర్పు చెప్పడానికి ఎవరూ లేరు. పిల్ల మా ఇద్దరి మధ్యా నిలబడి ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసింది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

ఆమె ఒక్క మాట అన్నది. చిన్న మాట. కాపరి దాన్ని తిప్పి చెప్పలేదు. నేను అడగలేదు.

చివరికి మా అమ్మాయి వచ్చి పిల్లను ఎత్తుకుంది. సంచి భుజాన వేసుకుంది. తల్లి వెనకే నడుస్తూ వాళ్ళ ఇంటి దాకా వెళ్ళింది. చీకటి పడకముందే తిరిగొచ్చింది. ఏం జరిగిందని అడిగితే, "పొయ్యి వెలిగిచ్చి, మొక్కజొన్న సంగటి పెట్టింది. ముగ్గురం తిన్నాం," అంది.

ఆమె అన్న మాట తిరుగు రైల్లో తెలిసింది. కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు ఉన్నట్టుండి అన్నాడు. "ఆమె ఆ రోజు ఏమందో నాకు కొంచెం అర్థమైంది అమ్మగారూ. కాపరిని అడిగితే అవునన్నాడు. 'మరి నిన్న ఎందుకు తీసుకున్నారు' అంది."

నలుగురూ నన్ను చూశారు. రైలు ఏదో నది దాటుతోంది. పాటలు పాడే అన్నాచెల్లెళ్ళు కూడా ఆ దారంతా పాడలేదు.

ఇంటికొచ్చాక మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిల్ల ఆ కొండ మీదే, తన మాటల మధ్యే ఉండేలా చూడాలని, ఆ సంఘంలోనే ఒక ముసలామె ఇంట్లో ఉంచి ఖర్చు మేం పెట్టుకుంటామని మావారు కాపరికి చెప్పారు. ఆయనకు ఆ ఆలోచన నచ్చింది. ముసలామెను ఒప్పించడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ కబురు చెప్పడానికి ఆయన కొండెక్కి వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఆమెను తీసుకెళ్ళే ఏజెంటు ముందే వచ్చాడట. పిల్లను అంతకు రెండు రోజుల ముందే ఎవరో వ్యానులో వచ్చి, పట్నంలో చదివిస్తామని తీసుకెళ్ళారట.

ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి మందిరంలో చాపలు చుడుతోంది. చుట్టిన చాప మీదే కూర్చుండిపోయింది.

"నేను వద్దనకపోతే..." అంది.

"నువ్వు చెప్పింది నిజమే. మనం తీసుకురాకూడదు."

"నిజమే అమ్మగారూ. అయినా పిల్ల పోయింది గదా."

ఆ మాటకు లేఖనాల్లో నేను వెతకని చోటు లేదు. ఓదార్పు దొరికింది. జవాబు దొరకలేదు.

కొన్ని నెలలకు ఒక శుక్రవారం నాకు తెలియని విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఒక ఆడగొంతు. ఒక పేరు చెప్పింది. ఆ పిల్ల పేరు. కాపరి ఇంట్లో ఎవరో నా నంబరు ఇచ్చారట. నేను కుర్రాడిని షెడ్డు నుంచి పిలిపించాను. నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, స్పీకర్ పెట్టి మాట్లాడాడు. ఆమె అక్కడ కొంచెం హిందీ నేర్చుకున్నట్టుంది.

"పిల్ల మీకాడే ఉంది గదా అంటంది అమ్మగారూ."

నేను ఫోన్ దగ్గరికి జరిగాను.

"వ్యానుకి సిలువ గుర్తు ఉందంట. వచ్చినాయన ప్రార్థన చేసి, పిల్లని ఎత్తుకున్నాడంట. మీరే పంపించారనుకుందంట. మనసు మార్చుకున్నారనుకుందంట." వాడు ఫోన్‌ను అరచేత్తో మూశాడు. "ఏం చెప్పమంటారు?"

నిజం చెప్పమన్నాను. చెప్పాడు. ఆమె పిల్ల పేరు ఇంకోసారి చెప్పింది. తర్వాత ఫోన్ కట్ అయింది.

ఆ వ్యాను ఎవరిదో, ఆ పట్నపు బడి ఏదో ఇప్పటికీ తెలియలేదు. కాపరి రెండుసార్లు వెళ్ళి వెతికాడు. పోలీసులకు చెప్పాడు. సిలువ గుర్తున్న వ్యానులు చాలా ఉన్నాయన్నారట. మంచి చోటే అయి ఉండవచ్చు. పిల్ల తింటూ, చదువుకుంటూ ఉండవచ్చు. అలాగే ఉండాలని మా సంఘం ప్రతి ఉపవాస కూటంలో ప్రార్థిస్తోంది. మా అమ్మాయి ఆ ప్రార్థనకు లేచి నిలబడుతుంది కానీ నోరు తెరిచి ప్రార్థించదు. పెదవులు మాత్రం కదులుతాయి.

పిల్ల తల్లి శుక్రవారాలు ఇంకా ఫోన్ చేస్తుంది. అన్ని వారాలూ కాదు. ఆ రోజు ఆమెకు కాసేపు తీరిక దొరుకుతుందనుకుంటాను. కుర్రాడు ఇప్పుడు గుంటూరులో చదువుతున్నాడు, ప్రతిసారీ అందుబాటులో ఉండడు. మా ఇద్దరికీ ఒక భాష లేదు. ఆమె పిల్ల పేరు చెప్తుంది, ప్రశ్నలాగా. నేను ఆ పేరే మళ్ళీ చెప్తాను, లేదన్నట్టు. నువ్వడిగింది అర్థమైంది, పిల్ల ఇంకా దొరకలేదని. తర్వాత ఆమె ఏడుస్తుంది. నేను తెలుగులో ప్రార్థన మొదలుపెడతాను, నాకు వచ్చింది అదొక్కటే కాబట్టి. ఆమె వింటుంది.

మొన్నటి శుక్రవారం ప్రార్థన సగంలో ఉండగా అటువైపు ఎవరో గట్టిగా ఆమెను పిలిచారు. గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది. ఫోన్ ఆగిపోయింది. మిగతా సగం నేను ఒక్కదాన్నే చేశాను.